సగటు కట్టడం సులువే, వరుస తేల్చడమే కష్టం

రేటింగుల వ్యవస్థ రూపకల్పన పైకి చాలా చిన్న పనిగా కనిపిస్తుంది. ఎవరు దేనికి ఎన్ని స్టార్లు ఇచ్చారో ఒక పట్టికలో దాచి, సగటు కట్టి చూపిస్తే సరిపోతుందనిపిస్తుంది. ఆ సగటును బట్టి వస్తువులను వరుసలో పెట్టబోయినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఒకే ఒక్కరు 5 స్టార్లు ఇచ్చిన వస్తువు సగటు 5. 200 మంది రేటింగ్ ఇచ్చిన మరో వస్తువు సగటు 4.6. ఉత్త సగటునే నమ్ముకుంటే మొదటిదే పైన కూర్చుంటుంది. దీనికి విరుగుడుగా ప్రతి వస్తువు ఖాతాలోనూ, అన్ని వస్తువుల ఉమ్మడి సగటు విలువతో, కొన్ని ఊహాత్మక ఓట్లను ముందే జమ చేసే బేయస్ పద్ధతి ఉంది. ఉమ్మడి సగటు 3.8, ఊహాత్మక ఓట్లు 20 అనుకుంటే మొదటి వస్తువు దాదాపు 3.86కు దిగుతుంది, రెండోది 4.53 దగ్గర నిలుస్తుంది. సినిమాల సమాచారాన్ని, రేటింగులను అందించే వెబ్‌సైటు ఐఎండీబీ తన టాప్ 250 సినిమాల జాబితాకు ఇటువంటి సూత్రాన్నే వాడింది.

అయితే ఆ 20 ఎంత ఉండాలో గణితం చెప్పదు. దాన్ని పెంచితే కొత్త వస్తువు ఎంత మంచిదైనా అడుగునే ఉండిపోతుంది. అడుగున ఉన్నదాన్ని ఎవరూ చూడరు, చూడనిదానికి ఓట్లు పడవు. తగ్గిస్తే నలుగురు స్నేహితులను కూడగట్టుకున్నవాడు రాత్రికి రాత్రి అగ్రస్థానానికి ఎగబాకుతాడు. కొత్తవారికి ఎంత అవకాశమివ్వాలన్న ఇంత పెద్ద నిర్ణయం, ఎవరూ చర్చించకుండానే, ఏదో ఒక కాన్ఫిగరేషన్ (ప్రోగ్రాం సెట్టింగుల) ఫైలులో అంకెగా మిగిలిపోవడం నాకు సబబుగా తోచదు.

ఓట్లు వేసే తీరు మరో సమస్య. దాదాపు అందరూ 5 స్టార్లే ఇస్తే మంచిదానికీ మామూలుదానికీ తేడా తెలియదు. తమ వేదికపై రేటింగుల్లో అత్యధిక భాగం 5 స్టార్లేనని యూట్యూబ్ 2009లో వెల్లడించి, మరుసటి ఏడాది లైక్, డిస్‌లైక్ పద్ధతికి మారింది. నెట్‌ఫ్లిక్స్ 2017లో స్టార్లను వదిలేసింది.

ఇరుపక్షాలూ ఒకరికొకరు రేటింగ్ ఇచ్చుకునే చోట ప్రతీకార భయం కూడా తోడవుతుంది. అమ్మకందారులు కొనుగోలుదారులకు ప్రతికూల అభిప్రాయం ఇవ్వకుండా ఆన్‌లైన్ క్రయవిక్రయాల వేదిక ఈబే 2008లో కట్టడి చేసింది. ఇళ్లను, గదులను అతిథులకు అద్దెకిప్పించే వేదిక ఎయిర్‌బీఎన్‌బీ మాత్రం 2014లో, అతిథి, ఇంటివారు ఇద్దరూ రాసేవరకు లేదా 14 రోజుల గడువు ముగిసేవరకు ఎవరి సమీక్షా బయటపడని ఏర్పాటు చేసింది. ఎవరి నోరూ నొక్కకుండా, కేవలం వెల్లడించే సమయాన్ని మార్చిన ఈ పరిష్కారమే నాకు ఎక్కువగా నచ్చింది, ఎదురుపడి మాట్లాడిన మనిషికి 3 స్టార్లు ఇవ్వడానికి అడ్డొచ్చే మొహమాటాన్ని అది తీర్చలేకపోయినా.