నలభై ఆరేళ్లకే ఉద్యోగ విరమణ: నా నేర్పెంత, అదృష్టమెంత

2022లో, నలభై ఆరో ఏట, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రాజీనామా చేశాను. నెలనెలా ఎంత దాచావు, ఏ ఫండ్లలో పెట్టావు అని పాత సహోద్యోగులు నేటికీ అడుగుతుంటారు. వాటికి జవాబు చెప్పగలను గానీ, అంతటితో ఆపితే సగమే చెప్పినట్లవుతుంది.

నేను ఇంజనీరింగ్ పూర్తిచేసిన 1998లోనే మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మా మేనమామగారి పెద్దబ్బాయి నాకంటే పదేళ్లు ముందు అదే చదువు చదివి, చదువులో నన్ను మించినవాడై ఉండి కూడా, ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగాడు. ఆ తేడా పుట్టిన సంవత్సరంలోనే ఉంది.

జీతంలో దాదాపు సగం మిగల్చడం, పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు ఖాతా), సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే వాయిదా) తప్పకుండా కట్టడం నా చేతిలోని పనులు. అవి శ్రద్ధగా చేశాను. 2008 జనవరిలో 21,000 దాటిన స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ అక్టోబరులో ఒక దశలో 8,000 కన్నా కిందికి పడిపోయినప్పుడు కూడా సిప్ ఆపలేదు. అయితే నాతో సమానంగా పొదుపు చేసిన మిత్రుడొకరి ప్రాజెక్టు ఆ రోజుల్లోనే రద్దయింది. కొన్నాళ్లు బెంచీ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, ఉండి, ఆ తర్వాత ఉద్యోగమే పోవడంతో, ఇంటి అప్పు వాయిదాల కోసం తన ఫండ్ యూనిట్లన్నీ ఆ పడిన ధరకే అమ్ముకున్నాడు. నా ప్రాజెక్టు కొనసాగింది. దాన్ని నా ధైర్యంగా చెప్పుకోవడానికి మనసొప్పదు.

మానేసే ముందు ఏర్పాట్లకే ఎక్కువ ఓపిక కావలసి వచ్చింది. కంపెనీ గ్రూపు బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది కనుక, ముందునుంచీ ఉన్న బీపీకి వర్తించే వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బుకు బీమా డబ్బు ఇవ్వని మొదటి కాలం) జీతం వస్తుండగానే గడిచిపోవాలని నాలుగేళ్ల ముందే సొంత పాలసీ తీసుకున్నాను. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి ఈపీఎఫ్‌లోని పెన్షన్ భాగం నగదుగా రాదు. దానికి స్కీమ్ సర్టిఫికెట్, అంటే తర్వాత పెన్షన్ పొందడానికి నా సర్వీసును చూపే పత్రం, తీసుకున్నాను.

దాచిన నిధిలోంచి ఏటా ఎంత తీసుకోవచ్చన్నదే అసలు చిక్కు. ప్రచారంలో ఉన్న నాలుగు శాతం సూత్రం (మొదటి ఏడు నిధిలో నాలుగు శాతం తీసుకుని, తర్వాత ఏటా ధరల పెరుగుదల మేరకు ఆ మొత్తాన్ని పెంచడం) 1994లో ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ అమెరికా మార్కెట్ల చరిత్రను బట్టి కట్టినది. మన ధరల పెరుగుదలను తలచుకుని నేను మూడు శాతానికే పరిమితమయ్యాను. ఇద్దరికి ఒకే నిధి, ఒకే సగటు రాబడి ఉన్నా, నష్టాలు మొదటి సంవత్సరాల్లో వచ్చినవారి డబ్బు చాలా ముందే కరిగిపోతుంది, ఎందుకంటే పడిన ధరకు అమ్మి ఇల్లు గడుపుకున్న యూనిట్లు మార్కెట్ కోలుకున్నా తిరిగి రావు. అందుకే కొన్నేళ్ల ఖర్చును ఫిక్స్‌డ్ డిపాజిట్లలో విడిగా ఉంచాను. తీరా చూస్తే 2023 చివరికి సెన్సెక్స్ 72,000 దాటింది, ఆ డిపాజిట్లను కదిపే అవసరమే రాలేదు.

కనుక ఫండ్ల పేర్లు అడిగినవారికి ముందుగా ఒక పని చెబుతున్నాను: 2008 జనవరిలోనే ఉద్యోగం మానేసినట్లు అనుకుని, మీ ఇంటి ఖర్చుతో, ఏటేటా లెక్క వేసి చూడండి. అందులో నిలబడితే అప్పుడు ఫండ్ల గురించి మాట్లాడుకుందాం.