పది శాతం లేబుల్, మూడు గంటల గడువు

ఏఐతో చేసిన ప్రచార వీడియోల మీద 2025 అక్టోబరులో ఎన్నికల సంఘం పార్టీలకు ఇచ్చిన ఆదేశాల్లో అందరూ చెప్పుకునే అంకెలు రెండు. ఇది ఏఐతో చేసిందని చెప్పే లేబుల్ తెరలో కనీసం 10 శాతం ఉండాలి, వీడియోలో అయితే పైభాగాన. ఆడియోలో మొదటి 10 శాతం నిడివిలో ఆ మాట వినిపించాలి. మోసపూరితమైనది తమ ఖాతాలో ఉందని తెలిసిన 3 గంటల్లో పార్టీ దాన్ని తీసేయాలి.

కొలత వేసి చూద్దాం. నిలువు వీడియో 1080 × 1920 పిక్సెల్స్ అనుకుంటే లేబుల్ పట్టీ ఎత్తు 192 పిక్సెల్స్. అది పైన ఉంది కాబట్టి ఫోన్‌లో క్రాప్ చేస్తే పోతుంది. నిమిషం ఆడియోలో మొదటి ఆరు సెకన్లు కోసేస్తే మిగతా 54 సెకన్లు లేబుల్ లేకుండా ఊరంతా తిరుగుతాయి. కాలిఫోర్నియా చట్టంలో ఆడియోకి మొదట్లో, చివర్లో, రెండు నిమిషాలు దాటితే మధ్య మధ్యలో కూడా చెప్పాలని పెట్టారు. ఇది మెరుగు. అయితే అదే రాష్ట్రం 2024లో లేబుల్ అక్షరాల సైజు మరీ పెద్దగా పెట్టింది. ఒక వ్యంగ్య వీడియోకి ఆ లెక్కన లేబుల్ వేస్తే తెరంతా అదే నిండిపోతుందని జడ్జి గమనించి, చట్టంలో చాలా భాగాన్ని నిలిపేశారు. నన్నడిగితే పట్టీ పైన కాదు, మాట్లాడే ముఖాన్ని తాకుతూ వీడియో పొడుగునా ఉండాలి. అప్పుడు కోస్తే ముఖమూ పోతుంది.

అసలు మోసం చేద్దామనుకున్నవాడు లేబుల్ వేస్తాడా? వేయడు. వాడిని పట్టుకునేది వేరే దారిలో. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ ప్రైమరీకి (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రెండు రోజుల ముందు, బైడెన్‌ను అనుకరించిన గొంతుతో వేల ఫోన్లు మోగాయి: ఇప్పుడు ఓటెయ్యకండి, నవంబరుకు దాచుకోండి అని. చేయించిన కన్సల్టెంట్‌కు అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఎందుకో చూడండి: కాలర్ ఐడీలో దొంగ నంబరు చూపించినందుకు. కాల్స్ మోసిన టెలికాం కంపెనీ 10 లక్షల డాలర్లు కట్టింది. ఆ కన్సల్టెంటే 2025లో రాష్ట్ర క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటికొచ్చాడు. అంటే ఆ జరిమానాకు ఆధారమైంది దొంగ గొంతు కాదు, దొంగ నంబరు.

మన దగ్గర ఆ దారి మసకగా ఉంది. ఆ ఆదేశాల్లోని మూడు గంటల గడువు పార్టీ ఖాతాలకే. 'అభిమానుల' పేజీ తమది కాదంటే పార్టీ చేతులు దులుపుకుంటుంది. అభ్యర్థి మీద అబద్ధపు ప్రచారం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) కింద అవినీతి చర్య అని తేల్చాలంటే, దాన్ని ప్రత్యర్థి అభ్యర్థో, అతని ఏజెంటో చేశారని, లేదా వాళ్ల సమ్మతి ఉందని చూపించాలి. అదీ ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేసే ఎన్నికల పిటిషన్‌లోనే. భారతీయ న్యాయ సంహిత 175 కింద అభ్యర్థి మీద అబద్ధపు ప్రకటనకు శిక్ష జరిమానా ఒక్కటే.

ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది సాక్ష్యాన్ని. ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్, గ్యాలరీలో ఉన్న వీడియోని తీసుకోదు, అక్కడికక్కడ తీసిందే కావాలంటుంది. కాబట్టి రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. స్క్రీన్‌షాట్ సరిపోదు. ఫైలు దించుకుని, ముందు దాని ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలుకి వేలిముద్రలాంటి అంకెలు, అక్షరాల వరుస) రాసుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ విలువ అడుగుతారు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదించి పంపుతుంది, హాష్ మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఖాతా పేరు కాదు, లింకు రాయండి, పేర్లు రాత్రికి రాత్రి మారతాయి. చూసిన తేదీ, గంట, నిమిషం కూడా.

డిటెక్టర్ టూల్ ఇచ్చిన '87 శాతం ఫేక్' కాగితం మీద ఆశ పెట్టుకోకండి. పదిసార్లు ఫార్వర్డ్ అయిన ఫైల్లో ఆనవాళ్లు కుదింపులోనే చెరిగిపోతాయి. పెదాలు మార్చిన వీడియోకి సాధారణంగా ఒక అసలు వీడియో ఎక్కడో ఉంటుంది. రెండు మూడు ఫ్రేములు తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (బొమ్మ ఇస్తే అలాంటివి ఎక్కడున్నాయో వెతికేది) వేయండి. అదే చొక్కా, అదే మైకు, వెనక అదే బ్యానరు దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి ఇవ్వండి.