ఫోన్లో పూసుకున్న రంగు

నెల్లూరులో ఐపీఎల్ వచ్చిందంటే ఇంట్లోనే రెండు పార్టీలు. చెన్నై దగ్గర కాబట్టి పసుపు జెర్సీల వాళ్లు కొందరు, మన హైదరాబాద్ అని నారింజ జెర్సీల వాళ్లు కొందరు. మా అక్క కొడుకు మ్యాచ్ మొదలవకముందే ఫోన్ కెమెరా తెరిచి, ఫిల్టర్‌తో మొహం నిండా పసుపు రంగు వేసుకుని స్టేటస్ పెట్టేస్తాడు. చెన్నై ఓడిందా, తెల్లారేసరికి ఆ స్టేటస్ ఉండదు.

నేను దీన్ని పిల్లచేష్ట అనుకోను. 1976లో రాబర్ట్ చాల్దీనీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో కలిసి, కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక వచ్చే సోమవారం విద్యార్థులు ఏం వేసుకొస్తున్నారో గమనించి రాశాడు. గెలిస్తే కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువ కనిపించాయి. మాటల్లోనూ అంతే, గెలిస్తే 'మేం గెలిచాం', ఓడితే 'వాళ్లు ఓడిపోయారు'. ఫిల్టర్ చేసేదీ ఆ పనే, కాకపోతే వేసుకోవడం, తీసేయడం రెండూ క్షణంలో అయిపోతాయి.

ఉన్నదాని మీద లేని బొమ్మ చూపించే ఈ ఆగ్మెంటెడ్ రియాలిటీ ఆటల్లోకి ఇప్పుడొచ్చింది కాదు. 1998లోనే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసారంలో, జట్టు బంతిని ఎక్కడిదాకా తీసుకెళ్లాలో చూపే పసుపు గీత మొదలైంది, మైదానంలో ఉండదు గానీ టీవీలో ఆటగాళ్ల కాళ్ల కింద గీసినట్టే ఉంటుంది. క్రికెట్ ప్రసారాల్లోకి 2001లో, బంతి దారిని లెక్కగట్టి తెర మీద చూపించే హాక్ ఐ వచ్చింది. ఇప్పుడు ఎల్బీ రివ్యూలో బంతి దారి తెర మీద సాగుతుంటే ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టి చూస్తాం, 'అంపైర్స్ కాల్' అని, అంటే అంపైర్ ముందిచ్చిన తీర్పే ఖాయమని పడగానే "ఏందబ్బయా, తగుల్తా ఉంటే నాటౌట్ ఏంది" అని గొడవ మొదలవుతుంది. ఆ గొడవ నాకు ఆటంత ఇష్టం. అందరం ఒకే గీత చూశాం కాబట్టే పోట్లాడుకోగలుగుతున్నాం.

మా అక్క కొడుకుతో చెన్నైలోని చెపాక్ స్టేడియంకి పోయినప్పుడు వేరేగా జరిగింది. వాడు ఫోన్లో మొహానికి రంగు సరిచేసుకుంటుండగా వికెట్ పడింది, స్టాండ్ మొత్తం లేచి నిలబడితే వాడు తలెత్తి "ఏమైంది మామా" అన్నాడు. తప్పు వాడిది కాదు, మనసు ఒకేసారి రెండు చోట్ల ఉండదు. పైగా అభిమానికి ఆనందం సగం పక్కవాడి అరుపులోంచే వస్తుంది, ఎవరి తెర వాళ్లు చూసుకుంటుంటే అది ఎక్కడినుంచి వస్తుంది?

అమెరికాలో కరోలినా పాంథర్స్ జట్టు 2021లో స్టేడియం మీద పెద్ద నల్ల చిరుత దూకుతున్నట్టు చేసి, మైదానంలోని పెద్ద తెర మీద జనమంతటికీ చూపించింది. మనవాళ్లు చేస్తే అట్లాంటిది చేయాలి. చెపాక్ పైకప్పు మీద పసుపు సింహం దూకితే నారింజ జెర్సీ వేసుకున్న నేను కూడా అరుస్తాను.