బోసి గోడ

రేపు బడి తెరుస్తారు. ఈ ఏడు నాకు రెండో తరగతి ఇచ్చారు. ఇవాళంతా ఆ గదిలోనే గడిచింది.

క్లాసు గది సర్దడం అనగానే అందరికీ ముందు రంగు కాగితాలు, చార్టులు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు బెంచీలు. గోడకు అంటించింది నచ్చకపోతే పీకేసి ఇంకోటి అంటించుకోవచ్చు. బెంచీలు ఎలా పడితే అలా వేశామంటే పిల్లలు వాటికే అలవాటు పడతారు, మనకూ బద్ధకం వేస్తుంది, ఏడాదంతా అలాగే లాగించేస్తాం.

అందుకని తుడవడం అయ్యాక ఒక్కో వరుసలో కూర్చుని చూశాను. పెద్దవాళ్లం రెండో తరగతి బెంచీలో కూర్చుంటే మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, అయినా ఆ పని చేయాల్సిందే. నిలబడి చూస్తే బోర్డు శుభ్రంగానే కనిపిస్తుంది. కూర్చుంటే, కిటికీ వైపు నుంచి పడే వెలుగుకి బోర్డు కుడి పక్కంతా తెల్లగా మెరిసిపోతోంది. అక్కడ ఏం రాసినా ఎడమ చివర కూర్చున్న పిల్లలకు కనబడదు. వాళ్లు పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తుంటారు, మనమేమో కాపీ కొడుతున్నాడని కోప్పడతాం. బోర్డు గోడకు బిగించి ఉంది కాబట్టి కదలదు. బెంచీలనే కొంచెం ఏటవాలుగా తిప్పాను. కిటికీ ఇప్పుడు పిల్లలకు ఎడమ వైపు వచ్చింది. కుడి చేత్తో రాసేవాళ్లకు చేతి నీడ అక్షరం మీద పడకుండా ఉండాలంటే వెలుగు ఎడమ నుంచి రావాలి. ఎడమ చేత్తో రాసేవాళ్లను బెంచీకి ఎడమ చివరన కూర్చోబెడితే పక్కవాళ్లతో మోచేతుల తగాదా ఉండదు. ఈ ఒక్క మార్పుతో చాలా ఫిర్యాదులు తగ్గిపోతాయి, చెప్తే ఎవరూ నమ్మరు గానీ.

నలుగురేసి ఎదురెదురుగా కూర్చునేలా బెంచీలు కలపమని ట్రైనింగుల్లో చెప్తుంటారు. ఫొటోలో బాగుంటుంది. పిల్లలు కలిసి పని చేసేటప్పుడు నిజంగానే బాగుంటుంది కూడా. కానీ రెండో తరగతి పిల్లలు బోర్డు మీద చూసి రాసేది చాలా ఎక్కువ. అలా కూర్చోబెడితే సగం మంది మెడ వెనక్కి తిప్పి చూడటం, ముందుకు తిరిగి రాయడం, మళ్లీ వెనక్కి తిప్పడం. తిరిగేలోపు అక్షరం మర్చిపోతారు. అందుకే మామూలుగా వరుసలే, బొమ్మలు వేసేటప్పుడూ లెక్కల ఆటలు ఆడేటప్పుడూ బెంచీలు కలుపుకోవడం. బెంచీలు జరపడం వాళ్లకు మహా సరదా. చప్పుడు తగ్గించడానికి కాళ్ల కింద పాత గుడ్డ ముక్కలు కట్టాను.

తర్వాత అలమరా. ఇందులో నాకు పెద్ద ఆలోచనేం అక్కర్లేకపోయింది. పిల్లలు వాడేవన్నీ కింది అరల్లో, నావి పై అరల్లో. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తన మొదటి బడి తెరిచాక బల్లలూ కుర్చీలూ అరలూ పిల్లల కొలతకు చేయించింది, పిల్లలు ఎవరినీ అడగకుండా తీసుకుని మళ్లీ అక్కడే పెట్టేలా. వందేళ్లు దాటిపోయింది. ఇప్పటికీ చాలా క్లాసుల్లో రంగు పెన్సిళ్లు బీరువాలో ఉంటాయి, తాళంచెవి టీచర్ దగ్గర ఉంటుంది. పోతాయని భయం. పోతాయి, నిజమే. అయితే అలా పోయేవాటికంటే అడుగులో మిగిలిపోయి ఎండిపోయే స్కెచ్ పెన్నులే ఎక్కువని నా అనుభవం.

ఖాళీ అట్టపెట్టెలకు ముందు వైపు కొంచెం కోసి అరల్లో పెట్టాను. కత్తెరలు, జిగురు, లెక్కల పుల్లలు, గింజలు, కథల పుస్తకాలు. ప్రతి పెట్టె మీదా ఆ వస్తువు బొమ్మ, కింద దాని పేరు. చదవడం వచ్చినవాళ్లు పేరు చదువుతారు, రానివాళ్లు బొమ్మ చూసి తీసుకుంటూ కొన్నాళ్లకు పేరూ గుర్తుపడతారు. ఒక పెట్టె మీద మాత్రం "దొరికినవి" అని రాశాను. మూతల్లేని పెన్నులు, అరిగిపోయిన రబ్బర్లు, చొక్కా గుండీలు అన్నీ అందులోకే. "టీచర్, నా రబ్బరు పోయింది" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వింటామో చిన్న క్లాసులకు చెప్పినవాళ్లకే తెలుసు.

మధ్యాహ్నం పక్క క్లాసు టీచర్ వచ్చారు. చేతిలో మెరుపు కాగితాల చుట్టలు, థర్మోకోల్ సీతాకోకచిలుకలు. ఆవిడ చేతిపని చూడముచ్చటగా ఉంటుంది, అందులో నాకు అనుమానమే లేదు.

"ఏంటండీ టీచర్, గోడలు ఇలా బోసిగా వదిలేశారు? రేపు పేరెంట్స్ వచ్చి చూస్తే ఏమనుకుంటారు?"

"వాళ్లు చూసేది పది నిమిషాలు కదండీ. పిల్లలు చూడాల్సింది ఏడాదంతా."

"అందుకే కదా అందంగా ఉండాలి అంటున్నాను!" అని నవ్వేశారు.

నేనూ నవ్వాను గానీ, ఆ మాట మీద కాసేపు వాదించుకున్నాం. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటి నాకు బాగా గుర్తు. కిండర్‌గార్టెన్ పిల్లలు 24 మందికి కొన్ని సైన్సు పాఠాలు గోడల నిండా బొమ్మలున్న గదిలో, కొన్ని ఏమీ లేని గదిలో చెప్పారు. బొమ్మల గదిలో పిల్లల ధ్యాస పాఠం మీద లేని సమయం 38.6 శాతం, ఖాళీ గదిలో 28.4 శాతం. పాఠం అయ్యాక అడిగిన ప్రశ్నలకు ఖాళీ గదిలో 55 శాతం సరిగ్గా చెప్తే, బొమ్మల గదిలో 42 శాతమే చెప్పారు. ఇది చెప్పగానే ఆవిడ ఠక్కున అడిగారు: "ఇరవై నలుగురు పిల్లలను చూసి లోకంలోని గోడలన్నీ ఖాళీ చేసేస్తామా?"

సరైన ప్రశ్నే. అంత చిన్న లెక్కతో అంత పెద్ద తీర్పు ఇవ్వకూడదు. పైగా మరీ ఖాళీ గది కూడా మంచిది కాదని నాకూ తెలుసు. సాల్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఇంగ్లండ్‌లో 153 క్లాసు గదులను పరిశీలించి 2015లో ఒక నివేదిక ఇచ్చారు. అందులో గోడలను పూర్తిగా బోసిగా వదలమనలేదు, గోడ జాగాలో 20 నుంచి 50 శాతం ఖాళీగా ఉంచమన్నారు. అంటే సగానికి పైగా వాడుకోవచ్చు. ఎక్కడ వాడుకోవాలి, దేనికి వాడుకోవాలి అన్నదే నా గొడవ.

బోర్డున్న గోడ మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. పాఠం వినేటప్పుడు పిల్లలు చూసేది ఆ వైపే. బోర్డు పక్కన సీతాకోకచిలుక ఫ్యానుగాలికి రెక్కలాడిస్తుంటే నా కూడికలెవడు చూస్తాడు? నేనైనా చూడను. ఆ గోడ మీద తేదీ రాసుకునే చోటు, ఒక గడియారం, అంతే. సీతాకోకచిలుకలు వెనక గోడకు వెళ్లాయి. ఆవిడే స్టూలెక్కి అంటించారు, కథల పుస్తకాల మూల పైన. చాపా పుస్తకాలూ ఉండే ఆ మూలకు నిజంగా కళ వచ్చింది. ఆ మాట ఆవిడతో చెప్పాను కూడా.

ఎత్తు దగ్గర ఇంకో పేచీ. ఏ క్లాసుకు వెళ్లినా చార్టులు మన తలకంటే పైనే ఉంటాయి. పిల్లలు చింపేస్తారని పైన పెడతాం. ఏడేళ్ల పిల్లలు సుమారుగా 120 సెంటీమీటర్లు ఉంటారు, కళ్లు ఇంకో పది సెంటీమీటర్లు కింద. ఆరడుగుల ఎత్తున మేకుకు వేలాడే గుణింతాల చార్టు వాళ్ల కోసం కట్టింది కాదు, తనిఖీకి వచ్చేవాళ్ల కోసం కట్టింది. పిల్లలు గోడ మీది అక్షరాలను వేలు పెట్టి చదువుతారు. వేలు అందాలి మరి. పక్కవాడికి చూపించి "ఇది నీ పేరులో అక్షరం" అనాలి. అలా చదివితే అంచులు నలుగుతాయి, మూల చిరుగుతుంది. చిరిగితే టేపు వేద్దాం. నలగని చార్టు ఎవరూ చదవని చార్టు.

కొనుక్కొచ్చిన చార్టుల్లో అక్షరాలు చూస్తే ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. అక్షరానికి నీడ, నీడకు అంచు, అంచుకు మెరుపు. మన లిపిలో గుడికీ గుడి దీర్ఘానికీ తేడా పైన ఒక చిన్న మెలిక. ద, ధ, థ అని మూడు పక్కపక్కన పెడితే, కింద ఒక గీత, మధ్యలో ఒక చుక్క, అంతే తేడా. వ, మ, య సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మెలికా చుక్కా అలంకరణలో కలిసిపోతే పిల్లవాడు ఏం చూసి నేర్చుకోవాలి? అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల నుంచి హాయిగా చదవచ్చని బోర్డులు రాసేవాళ్ల లెక్క ఒకటుంది. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు సరిపోతుందేమో. కింద వత్తు, పైన గుడి ఉన్న మన అక్షరానికి రెండంగుళాలైనా ఉండాలనిపిస్తుంది. అందుకే తెల్ల చార్టు మీద నల్ల మార్కర్‌తో నేనే రాశాను. నా దస్తూరి గొప్పదేం కాదు. గుండ్రంగా, ఎడంగా ఉంటుంది, చాలు.

అదీ గుణింతాలన్నీ ఒకేసారి రాయలేదు. మొదటి వారానికి కావలసినవే. ఏడాది పొడవునా కదలకుండా ఉండే చార్టు పక్కింట్లో రోజంతా మోగే రేడియో లాంటిది, కొన్నాళ్లకు చెవికి ఆనదు. అదే చార్టు తీసేసి కొత్తది పెడితే పొద్దున్నే లోపలికి రాగానే గుంపుగా అక్కడ చేరతారు. నేర్చుకున్న కొద్దీ మాటలు ఎక్కించడానికి పక్క గోడ మీద పొడుగ్గా ఒక పట్టీ ఖాళీగా వదిలాను. చీటీల మీద మాటలు వాళ్లే రాస్తారు, వాళ్లే అంటిస్తారు. వంకరగా అంటిస్తారు. నేను సరిచేయను. చేయకుండా ఉండటం నాకు కష్టమే, చేతులు ఊరుకోవు.

కిటికీ పక్కన దారం కట్టి క్లిప్పులు పెట్టాను, పిల్లలు వేసే బొమ్మలు తగిలించడానికి. ఇక్కడ నాకు ఒక్కటే నియమం: బాగున్నవే ఏరి పెట్టడం లేదు, అందరివీ పెట్టడమే. బాగా వేసేవాళ్లకు అప్పటికే అందరూ బాగుందని చెప్తుంటారు. ఎన్నడూ గోడెక్కని పిల్లలు ఉంటారు చూడండి, వాళ్లు తమ కాగితం వేలాడుతుంటే రోజూ వచ్చి ఒకసారి చూసుకుని మరీ కూర్చుంటారు. దాని గురించి ఒక్క మాటా మాట్లాడరు.

పుట్టినరోజుల చార్టు కూడా తయారే. పన్నెండు గళ్లు, పేర్లు రాయాలి. తలుపు పక్కన నేల నుంచి సెంటీమీటర్ల పట్టీ గీశాను. నెలకోసారి ఎత్తు కొలుచుకుంటారు, కొలతల పాఠానికి అంతకంటే మంచి సామాను నాకు దొరకలేదు. సున్నా నేలకు ఆనించి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

సాయంత్రానికి ఆయమ్మ వచ్చి గది గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంకా సగమే అయినట్టుందమ్మా" అంది. అవునన్నాను. మిగతా సగం పిల్లలు వచ్చాక అవుతుందంటే, "మీరు కట్టిన దారమంతా రెండ్రోజుల్లో పీకేస్తారు, చూడండి" అని చీపురు తీసుకెళ్లింది. పీకుతారు. కట్టిన చోటు కొంచెం గట్టిపరచాలి, మేకు వదులుగా ఉంది.

ఇంకా మిగిలిన పనులు చాలా ఉన్నాయి. బెంచీల మీద అంటించే పేర్ల చీటీలు రాయలేదు, కొత్తగా చేరేవాళ్ల లిస్టు రేపు పొద్దున గానీ నా చేతికి రాదు. మూడో వరుసలో ఒక బెంచీ కాలు ఊగుతోంది. తాత్కాలికంగా అట్టముక్క మడిచి కింద పెట్టాను గానీ అది ఆగదు, వడ్రంగికి కబురు చేయాలి. నల్ల మార్కర్ కూడా అయిపోవచ్చింది. రేపు అందరికంటే ముందు వెళ్లి ఆ బెంచీని చివరి వరుసకు జరిపి, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకుండా బ్యాగులు పెట్టించాలి.