బల్లార్షా ఎండలో మా ఏసీ పెట్టిన తిప్పలు

నిన్న సాయంత్రం ఐదున్నరకు మా ఏసీ మళ్లీ చల్లగాలి కొట్టింది. ఇది రాస్తూ కాళ్ల మీద దుప్పటి కప్పుకున్నాను. పదహారు రోజులైంది ఈ దుప్పటి ముట్టుకుని. ఈ పదహారు రోజుల్లో ఒక మెకానిక్‌కి 5,300 రూపాయలు దండగ పోశాను, ఒక షాపులో నలుగురి ముందు నోరు పారేసుకున్నాను, చివరికి నా ఇంటి బాల్కనీలోనే పరువు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి ముందు చెప్తాను. పరువు సంగతి చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి.

మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మ్యాపులో బల్లార్‌పూర్ అని ఉంటుంది గానీ మావాళ్లెవరూ అలా పిలవరు. మా నాన్న ఆసిఫాబాద్ దగ్గరి పల్లె నుంచి బొగ్గు బాయిలో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనూ బాయిలోనే, ఎలక్ట్రీషియన్‌ని, ఇరవై ఆరేళ్ల సర్వీసు. చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలంటే ఎవరూ తల తిప్పి చూడరు, 47 అంటే అప్పుడు "అబ్బో" అంటారు. మే 25న మరాఠీవాళ్లకు నవతపా, అంటే తొమ్మిది రోజుల మండుటెండలు, మొదలవుతుంది, మనకు రోహిణి కార్తె. సూర్యుడు రోహిణిలోకి వచ్చే రోజు ఒకటే, పేర్లే రెండు. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న మాట పుట్టింది ఈ ఊళ్లోనేనని మా అమ్మ గట్టి నమ్మకం.

మా ఏసీ నాలుగేళ్ల కింద కొన్నది. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్, ఇన్వర్టర్ కాదు, మామూలుది. ఔట్‌డోర్ యూనిట్ పడమటి బాల్కనీలో ఉంటుంది. ఏటా వేసవికి ముందు సర్వీసింగ్ నేనే చేస్తాను. ఈసారి పడమటి ఎండ నేరుగా దాని మీదే పడుతోందని ఏప్రిల్ ఆఖర్లో బాల్కనీకి నీడ కూడా కట్టాను. మిషన్లను నేనెంత పదిలంగా చూసుకుంటానో తెలియాలని ఈ మాట చెప్తున్నా.

మే రెండో వారంలో మొదలైంది. పొద్దున బాగానే ఉంటుంది. పదకొండు దాటితే గాలి వస్తుంది, చల్లదనం రాదు. రాత్రి పది తర్వాత మళ్లీ మామూలే. "ఇది ఎండకు అలుగుతుంది బిడ్డా" అంది మా అమ్మ. బాల్కనీలో తన తులసి చెట్టు మాడిపోతోందని కూడా ఆ రోజే అంది. నీళ్లు సరిగా పోస్తలేవేమో చూడమన్నాను.

నేను చేయాల్సినవి చేశాను. రిమోట్‌లో మంచు పువ్వు బొమ్మ ఉందా అని చూశాను, ఉంది, కూల్ మోడే. ఫిల్టర్లు తీసి కడిగాను. ఔట్‌డోర్ వెనక రేకుల్లో పేరుకున్న బొగ్గు ధూళిని నీళ్లతో పైనుంచి కిందికి కడిగాను. ఇక్కడ ప్రతి ఇంటి ఏసీకీ ఆ నల్ల పొర ఉంటుంది, నెలకోసారి కడగకపోతే లాభం లేదు. వోల్టేజ్ 228 ఉంది. మెయిన్ ఆపి, మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌లో నిల్వ ఉన్న కరెంటు తీసేసి, మీటర్ పెట్టాను. 45 మైక్రోఫారడ్ కెపాసిటర్ 43.8 చూపించింది, అంటే బాగున్నట్టే. (ఈ పని తెలియనివాళ్లు చేయకండి. మెయిన్ ఆపినా కెపాసిటర్ షాక్ కొడుతుంది.)

తర్వాత టాంగ్ టెస్టర్ పెట్టాను, వైరు చుట్టూ పట్టుకుని ఎంత కరెంటు పోతోందో చూపించే మీటర్ అది. మధ్యాహ్నం పూట కంప్రెసర్, అంటే గ్యాస్‌ను నొక్కి తిప్పే మోటారు, 10.4 ఆంపియర్లు లాగుతోంది. అది లాగాల్సింది ఏడూ ఏడున్నర. పది నిమిషాలు నడుస్తుంది, లోపల టక్కుమంటుంది, ఆగిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతుంది. వేడెక్కితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ స్విచ్ కొట్టేస్తోందని అర్థమైంది. ఎందుకు వేడెక్కుతోందో మాత్రం అర్థం కాలేదు. రోగం పేరు చేతిలో ఉంది, కారణం రెండడుగుల దూరంలో కట్టి ఉంది, నేను మాత్రం మోటారు లోపలి తీగచుట్ట, వైండింగ్, పోయిందేమోనని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అప్పుడు మెకానిక్‌ని పిలిచాను. మా లైన్‌లో అందరి ఇళ్లకూ వచ్చేవాడే. గేజ్ పెట్టలేదు, మీటర్ పెట్టలేదు. రాగి పైపు మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు, నాడి చూసే వైద్యుడిలా. "గ్యాస్ ఖతం" అన్నాడు. 2,800 తీసుకుని, సిలిండర్ తగిలించి, బుస్సుమనిపించి పోయాడు. ఎంత ఎక్కించాడో తూచలేదు. పైగా నోట్లో బీడీ. ఈ కొత్త ఏసీల్లో ఉండే ఆర్-32 గ్యాస్‌కి కొద్దిగా మండే గుణం ఉంది. బాయిలో అగ్గిపెట్టె జేబులో దొరికితేనే ఉద్యోగం మీదికి వస్తుంది. ఆ మాట నేను అప్పుడే అనాల్సింది. ఇంటికి వచ్చినవాణ్ని ఏమంటాంలే అని ఊరుకున్నాను.

ఏసీలో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. మీ ఇంట్లో ఫ్రిజ్‌కి పన్నెండేళ్లలో ఎన్నిసార్లు గ్యాస్ నింపించారు? తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే, ముందు ఆ చోటు చూపించాలి. పైపు జాయింట్ దగ్గర నూనె మరక కనిపించాలి, లేదా సబ్బు నురగ పెడితే బుడగ రావాలి. ఇంకొక మాట, ఎవరూ చెప్పరు. గ్యాస్ తగ్గితే కంప్రెసర్ మీద బరువు తగ్గుతుంది, ఆంపియర్లు పడిపోతాయి. నా దగ్గర పెరిగాయి. అంటే గ్యాస్ తక్కువైందన్న మాట అబద్ధమని నా చేతిలోని టాంగ్ టెస్టరే చెప్తోంది. ఇంత తెలిసీ డబ్బులు ఎందుకిచ్చావంటే, ఏసీ మన లైన్ కాదు కదా, వాడికే తెలుస్తుంది కదా అనుకున్నాను. వారానికి వాడే మళ్లీ వచ్చి ఇంకో 2,500కి మళ్లీ గ్యాస్ కొట్టాడు. మూడు వందలు తగ్గించాడు, పాత కస్టమర్ననట.

ఆ రోజు నుంచి పొద్దున పదికే ఆగిపోవడం మొదలైంది. ఇంట్లో కూలర్ బయటికి తీసి పెట్టుకున్నాం. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే పెద్ద టెన్షన్.

కంపెనీ నంబర్‌కి ఫోన్ చేశాను. హిందీకి ఒకటి, మరాఠీకి రెండు అంటూ ఏడు నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. దాంతో మే 26న, నవతపా రెండో రోజు, మిట్టమధ్యాహ్నం, ఏసీ కొన్న షాపుకే పోయాను. రాజురా నుంచి వచ్చిన ఒక జంట ఏసీ చూస్తున్నారు. వాళ్ల ముందే మొదలుపెట్టాను. మీరు అంటగట్టింది డొక్కు కంప్రెసర్ అన్నాను. వంద హార్స్‌పవర్ పంపు మోటార్లు నా చేతి మీద నడుస్తాయి, నాకు కథలు చెప్పొద్దు అన్నాను. షాపాయన పెద్ద మనిషి. అంతా విని, "ఔట్‌డోర్ దగ్గర గాలి మంచిగ ఆడుతుందా?" అని మెల్లగా అడిగాడు. తెలుగులోనే అడిగాడు, నేను తెలుగువాణ్నని. "ఇరవై ఆరేళ్ల నుంచి బాయిలో ఉన్నోనికి గాలి గురించి చెప్తున్నావా?" అన్నాను.

రాజురా జంట ఏసీ కొనకుండానే వెళ్లిపోయారు. నాకు అప్పుడు సంతోషమే వేసింది, ఒప్పుకుంటున్నా.

ఆయన మాత్రం రెండు రోజుల్లో మనిషిని పంపాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు, చంద్రపూర్‌లో ఐటీఐ చేశాడట. నేను లోపల యూనిట్ మూత తీయబోతుంటే వద్దని నేరుగా బాల్కనీకి పోయాడు. అర నిమిషం నిలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వెనక్కి తిరిగి, "కాకా, హే కోణీ బాంధ్లం?" అన్నాడు.

బాబాయ్, ఇదెవరు కట్టారు అని.

నేను కట్టిన నీడ అంటే గ్రీన్ నెట్. నర్సరీల మీద వేస్తారే, అది. ఒక్క పొర చాలదని రెండు పొరలు వేసి, బాల్కనీ గ్రిల్ పైనుంచి కింది దాకా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, జానెడుకొక కేబుల్ టై వేసి బిగించాను. పైన శ్లాబ్, రెండు పక్కల గోడలు, ముందు నెట్. మధ్యలో ఔట్‌డోర్ యూనిట్. అది వెనక నుంచి గాలి పీల్చుకుంటుంది, గదిలోని వేడినంతా ముందు నుంచి ఊదేస్తుంది. ఊదిన గాలి నెట్‌కు కొట్టుకుని, పోయే దారి లేక, తిరిగి వెనక్కే వస్తోంది. అదే గాలిని మళ్లీ పీలుస్తోంది.

కుర్రాడు థర్మామీటర్ వైరును యూనిట్ వెనక వేలాడదీశాడు. 59 వచ్చింది. చెయ్యి నెట్ బయటికి పెట్టి చూశాడు, 44. ఏసీ పెట్టె మీద "52 డిగ్రీల ఎండలోనూ చల్లదనం" అని ఉంటే మురిసిపోయి కొన్నాను. ఈ ఊళ్లో 52 ఎప్పుడొస్తుంది అని నవ్వాను కూడా. 59 నేనే తయారుచేశాను. అసలు ఈ మిషన్ల టన్నుల లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కట్టేది, ఎండ పెరిగేకొద్దీ చల్లబరిచే శక్తి తగ్గుతూ పోతుందని ఆ కుర్రాడే చెప్పాడు.

ఇక్కడ నా బాధ ఏమిటంటే, ఇది తెలియని విషయం కాదు. బాయిలో మంచిగాలి దిగే దారి వేరు, వాడిన గాలి పైకి పోయే దారి వేరు. ఇన్‌టేక్, రిటర్న్. రెండింటికీ మధ్య జంట తలుపులుంటాయి, ఒకటి మూశాకే ఇంకొకటి తెరవాలి. రిటర్న్ గాలి ఇన్‌టేక్‌లో కలిస్తే మనుషుల ప్రాణాలకే ముప్పు. పోయిన చలికాలంలో రెండు తలుపులూ తెరిచి వదిలేసిన ఒక హెల్పర్‌ని అందరి ముందూ ఏకిపారేశాను. ఆ అబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు ఆ కుర్రాడు 59 చూపిస్తుంటే నాకు ఆ హెల్పర్ మొహమే కనబడింది.

కేబుల్ టైలు కోయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఎదురు బాల్కనీల వాళ్లంతా బయటికొచ్చి చూశారు. మూలన అమ్మ తులసి కుండీ ఉంది. గోడ వైపు ఆకులు పచ్చగానే ఉన్నాయి. యూనిట్ వైపు ఆకులన్నీ చేత్తో నలిపితే పొడి అయ్యేలా వేగిపోయాయి. సగం పచ్చ, సగం గోధుమ రంగు, మధ్యలో గీత గీసినట్టు. అమ్మ ఏమీ అనకుండా ఎండిన ఆకులు ఒక్కొక్కటే గిల్లుతూ నిలబడింది.

నెట్ తీశాక పావుగంట ఆగి స్టార్ట్ చేస్తే 8.6 ఆంపియర్లకు దిగింది. ఇంకా ఎక్కువే, ఎందుకంటే ఆ బీడీ మహానుభావుడు రెండుసార్లు కొట్టిన గ్యాస్ లోపలే ఉంది. ఎక్కువైన గ్యాస్ కూడా చల్లదనాన్ని చంపుతుందట. ప్లేటు మీద ఆర్-32, 780 గ్రాములు అని రాసి ఉంది. కుర్రాడు గ్యాస్ అంతా తన సిలిండర్‌లోకి తీసి, పైపుల్లో గాలి కూడా లేకుండా లాగేసి (వ్యాక్యూమ్ చేసి), కాటా మీద తూచి సరిగ్గా 780 ఎక్కించాడు. 7.2కి వచ్చింది. గదిలో 30 డిగ్రీలుంటే ఏసీ నోటి దగ్గర 16. తీసుకున్నది 1,600, దానికీ రసీదు ఇచ్చాడు. గ్యాస్ నింపేవాడు కాటా తేకపోతే గేటు దగ్గరే పంపించేయండి, నా మాట వినండి.

ఎండ పడకూడదనుకుంటే పైన అడుగున్నర దూరంలో ఒక రేకు పెట్టించమన్నాడు, ముందూ వెనకా ఏమీ కట్టొద్దన్నాడు. రేకు రేపు వస్తోంది.

అంతటితో అయిపోతే బాగుండేది. పని అయ్యాక ఆ కుర్రాడు షాపాయనకు ఫోన్ చేశాడు, చేతులకు గ్రీజు ఉందని స్పీకర్‌లో పెట్టాడు. "మిషన్ బాగుంది సేఠ్, కాకాంనీ జాళీ బాంధలీ హోతీ." బాబాయే నెట్ కట్టాడు అని. అవతల ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత షాపంతా నవ్విన చప్పుడు. షాపాయన గొంతు ఆ నవ్వుల్లో వినబడలేదు, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. పోయి క్షమించమని అడగాలి. ఇంకా పోలేదు.

బీడీ మెకానిక్ ఫోన్ ఎత్తడం లేదు.

పోయేటప్పుడు ఆ కుర్రాడు, "కాకా, మా నాన్న కూడా మీ బాయిలోనే, సెకండ్ షిఫ్ట్" అన్నాడు. అప్పుడే గుండెలో రాయి పడింది. ఈ రోజు పొద్దున ఫస్ట్ షిఫ్ట్‌కి ల్యాంప్ రూమ్‌లో టోకెన్ ఇచ్చి చెయ్యి చాపితే, టోపీకి తగిలించుకునే క్యాప్ ల్యాంప్ అందిస్తూ కిటికీలోంచి అడిగాడు అక్కడి ఇన్‌చార్జ్: "కాకా, బాయి కింద ఎండ పడుతలేదు గద, నెట్ తేలేదు కదా?"