ధాన్యం సేకరణ పదజాలాన్ని నేను చదివిన తీరు – గ్రూప్స్ అభ్యర్థుల కోసం

ఎకానమీ సిలబస్‌లో ఆహార భద్రత అధ్యాయానికి వచ్చేసరికి మద్దతు ధర, సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్, అంటే మిల్లరు ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి అప్పగించే బియ్యం), ఎకనామిక్ కాస్ట్, జారీ ధర (రేషన్ సరుకును ప్రభుత్వం ఇచ్చే ధర), బఫర్ నిల్వ (అవసరానికి ప్రభుత్వం దాచి ఉంచే ధాన్యం) అన్న మాటలు గుంపుగా వచ్చి మీద పడతాయి. వీటిని విడివిడిగా బట్టీ పడితే స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి కలగలిసిపోతాయి. అందుకని నేను కల్లం నుంచి రేషన్ దుకాణం దాకా ధాన్యం నడిచే వరుసలోనే చదివాను. ప్రతి మజిలీలో రెండే ప్రశ్నలు వేసుకునేవాణ్ణి: ఇప్పుడీ సరుకు ఎవరిది, డబ్బు ఎవరిది?

మద్దతు ధర దగ్గర సరుకు ఇంకా రైతుదే. 1965లో వ్యవసాయ ధరల కమిషన్‌గా ఏర్పడిన నేటి సీఏసీపీ (వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్) సిఫారసు మాత్రమే చేస్తుంది, ఆమోదించేది కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ. వీలైతే కోతల కాలంలో ఒక కొనుగోలు కేంద్రానికి వెళ్లి చూడండి. గుప్పెడు గింజలు తేమ మీటరులో పోసినప్పుడు అంకె 17 శాతం దాటితే రైతు ఆ రాశిని మళ్లీ ఆరబోయవలసిందే. ఎఫ్‌ఏక్యూ (కొనుగోలుకు తగిన సగటు నాణ్యత) ప్రమాణం అంటే ఏమిటో అక్కడ కళ్లారా తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది మిల్లు దగ్గర. 2015లో రద్దయిన లెవీ పద్ధతిలో మిల్లరు సొంత డబ్బుతో ధాన్యం కొని, అందులో నిర్ణీత వాటా బియ్యాన్ని ప్రభుత్వానికి అమ్మేవాడు. సీఎంఆర్‌లో ధాన్యం ప్రభుత్వానిదే. మిల్లరు దాన్ని ఆడించి, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం అప్పగించాలి. ఎండలు ముదిరాక కోసే యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే గింజ విరిగి నూక పెరిగి, అన్ని కిలోల బియ్యం అప్పగించడం కష్టమవుతుంది గనుక, ఈ 67 కిలోల లెక్క తెలిసినవారికి 2021-22లో ఉప్పుడు బియ్యం తీసుకోవడంపై తెలంగాణకు, కేంద్రానికి మధ్య నడిచిన వివాదం ఇట్టే బోధపడుతుంది.

ఆ తర్వాత అంతా లెక్కే. ధాన్యం ఖరీదుకు గోనె సంచులు, హమాలీ, మార్కెట్ రుసుము వంటి సేకరణ ఖర్చులను, రవాణా, నిల్వ, వడ్డీ వంటి పంపిణీ ఖర్చులను కలిపితే ఎకనామిక్ కాస్ట్ వస్తుంది. అందులోంచి జారీ ధర తీసేస్తే మిగిలేది వినియోగదారు సబ్సిడీ. 2013 ఆహార భద్రతా చట్టం కింద కిలో బియ్యం జారీ ధర 3 రూపాయలు. 2023 జనవరి నుంచి ఉచితం కాబట్టి ఆ ఖర్చంతా ఖజానాదే. బఫర్ నిల్వను కాపాడే ఖర్చు ఆహార సబ్సిడీలోనే వేరే పద్దుగా ఉంటుందన్నది చాలామంది వదిలేసే విషయం.

సరుకు ఎవరిది, డబ్బు ఎవరిది అన్న ప్రశ్నలనే చెరకుకు వేసి చూడండి. 2009లో వచ్చిన ఎఫ్‌ఆర్‌పీని (చెరకుకు న్యాయమైన, లాభదాయక ధర) కేంద్రమే నిర్ణయిస్తుంది, కానీ కొనేదీ చెల్లించేదీ చక్కెర మిల్లు. ఎఫ్‌ఆర్‌పీకీ మద్దతు ధరకూ ఉన్న అసలు తేడా అదే.