తడిసిన గింజలు పైన పెట్టు

మన స్కూలు పాత విద్యార్థుల సావనీర్ కమిటీ నుంచి మన బ్యాచ్‌వాడే ఒకడు ఫోన్ చేసి, "ఇస్లాం, శాంతి, ఇట్లా ఏదైనా ఒక వ్యాసం రాయరా, పుస్తకానికి నిండుగా ఉంటుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే ముందు చిరాకేసింది. ఒకడికి క్రికెట్ గురించి రాయమన్నారు, ఇంకొకడికి స్కూలు వెనక రేగిచెట్ల గురించి రాయమన్నారు, సాయిబుల పిల్లోడి దగ్గరికొచ్చేసరికి మాత్రం శాంతి! సరేలే, రాస్తా, కానీ ఒక్క శాంతి గురించే అయితే రాయను, న్యాయమూ నిజమూ కూడా రాయనిస్తేనే రాస్తా అన్నాను. వాడు "ఏదో ఒకటి, ఇరవయ్యో తారీకులోపల పంపు" అని పెట్టేశాడు.

న్యాయం అనగానే నాకు గుర్తొచ్చేది మన తెలుగు సారు. శనివారం నీతిబోధ పీరియడ్‌లో ఆయన పద్ధతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. బోర్డు మీద ఒక మాట రాసేవారు, ఎవరిదో చెప్పేవారు కాదు, మనం చెప్పాలి. మిగతా సార్లు ఆ పీరియడ్‌ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేసేవాళ్ళు, ఈయన మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు. తొమ్మిదో తరగతిలో ఒక రోజు ఇట్లా రాశారు: "న్యాయం పక్షాన గట్టిగా నిలబడి సాక్ష్యం చెప్పండి, అది మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకు, మీ దగ్గరివాళ్ళకు వ్యతిరేకమైనా సరే." ఒకడు గాంధీ అన్నాడు, ఒకడు వేమన అన్నాడు (పద్యం కాదు కదరా అని సారు), ముందు బెంచీ అమ్మాయిలు అంబేడ్కర్ అన్నారు. వెనక నుంచి ఎవడో "జడ్జి గారు" అన్నాడు, క్లాసంతా నవ్వింది. సారు నా వైపు తిరిగి, "పొద్దున్నే మసీదులో చదివొస్తావు కదా, ఇది నీ పుస్తకంలోదే" అన్నారు.

నేను బిత్తరపోయాను. ఎందుకంటే ఆ వాక్యం నేను నిజంగానే చదివాను, చాలాసార్లు. మా ఇళ్ళల్లో పిల్లలకు ముందు నాజిరా నేర్పిస్తారు, అంటే అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని తప్పుల్లేకుండా చదవడం, అంతవరకే. అర్థం తర్వాత సంగతి, ఆ తర్వాత అనేది చాలామందికి ఎప్పటికీ రాదు. మేము చదివేది తెలుగు మీడియం, ఇంట్లో మాట్లాడే ఉర్దూ సగం తెలుగు సగం కన్నడం కలిసిన ఆదోని ఉర్దూ, దాంతో ఉర్దూ తర్జుమా చదివే ఓపిక కూడా ఉండేది కాదు. అట్లా ఖురాన్‌లో నిసా అనే సూరాలోని, అంటే అధ్యాయంలోని, 135వ వాక్యం ఏం చెబుతోందో నాకు మొదట తెలిసింది బొట్టు పెట్టుకున్న మా తెలుగు సారు దగ్గర. ఆయనది అనంతపురం వైపు. అక్కడి కాలేజీలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు 1920ల్లోనే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారని గొప్పగా చెప్పేవారు, ఏదో తమ ఇంటి మనిషి చేసిన పని అన్నట్టు.

ఆ వాక్యం మిగతా సగం కూడా అప్పుడే చెప్పారు. ఎదుట ఉన్నవాడు ధనవంతుడా పేదవాడా అని చూడొద్దు, వాళ్ళిద్దరి మేలు మీకంటే దేవుడికి ఎక్కువ తెలుసు, మీ మనసుకు నచ్చిందని న్యాయాన్ని వంచొద్దు అని. పేదవాడి మీద జాలితో కూడా తప్పుడు సాక్ష్యం చెప్పకూడదన్నది ఆ వయసులో నాకు ఎక్కలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎక్కదు.

మర్నాడు మసీదులో మాకు ఖురాన్ చదివించే గురువు హజ్రత్‌ను అడిగాను. ఆయన కొంచెం ఆశ్చర్యపోయి, ఎవరు చెప్పారని అడిగి, తెలుగు సారు అంటే "అచ్ఛా" అని ఊరుకుని, అదే సూరాలో ఇంకాస్త ముందున్న 105వ వాక్యం దగ్గరికి తీసుకెళ్ళి దాని వెనక కథ చెప్పారు. మదీనాలో ఉబైరిక్ కుటుంబానికి చెందిన ఒకడు పొరుగింట్లో కవచం దొంగిలించాడు. అది పిండి సంచిలో ఉంది, సంచికి చిల్లు ఉంది, దారి పొడవునా పిండి రాలింది. దొరికిపోతానని తెలిసి ఆ కవచాన్ని ఒక యూదుడి ఇంట్లో పెట్టాడు. సొమ్ము అక్కడ దొరికింది. దొంగ వంశంవాళ్ళందరూ గుంపుగా ముహమ్మద్ ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, మావాడు మంచోడు, ముస్లిం, దొంగ ఆ యూదుడే అని గట్టిగా వాదించారు. సాక్ష్యాలు చూస్తే తీర్పు అటే వెళ్ళేట్టుంది. అప్పుడు ఈ వాక్యాలు దిగాయని వ్యాఖ్యాతలు చెబుతారు: ద్రోహం చేసినవాళ్ళ తరఫున వాదించకు, తాను తప్పు చేసి దాన్ని నిర్దోషి మీద వేసేవాడు పెద్ద అపనిందను నెత్తినేసుకుంటాడు అని. అంటే ఒక యూదుడు నిర్దోషి అని, మనవాడే దొంగ అని చెప్పడానికి ఖురాన్‌లో ఇన్ని వాక్యాలు ఉన్నాయి, అవి నమాజులో రోజూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచింది దాదాపు ఇదే. న్యాయం అనేది ఎదుటివాడి మీద వేసే కేసు అని మనందరికీ అలవాటైపోయింది, మావాళ్ళకూ అంతే, మీవాళ్ళకూ అంతే. ఇస్లాంలో నాకు అర్థమైనంతవరకు అది ముందు మన వైపే తిరగాలి. "అన్యాయం చేసినా, అన్యాయానికి గురైనా నీ సోదరుడికి సాయం చెయ్యి" అని ప్రవక్త అంటే, అన్యాయం చేసేవాడికి సాయమెట్లా అని అడిగారట పక్కనున్నవాళ్ళు. చెయ్యి పట్టుకుని ఆపు, అదే సాయం అన్నారు.

మా నాన్న మార్కెట్ యార్డు దగ్గర ఒక మండీలో గుమాస్తా. ఆదోని అంటే పత్తి, పత్తి సీజన్‌లో మన స్కూలు గోడ దాకా బండ్లు నిలబడేవి కదా. పత్తికి కాస్త నీళ్ళు చిలకరిస్తే తూకం పెరుగుతుందని అక్కడ పిల్లలకు కూడా తెలుసు. రైతు కొంచెం చిలకరిస్తాడు, అది తెలిసిన కొనేవాడు తరుగు కొంచెం ఎక్కువ తీస్తాడు, తరుగు ఎక్కువ తీస్తారని తెలిసి రైతు ఇంకాస్త చిలకరిస్తాడు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. ఇప్పుడు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్ళు మీటరు పెట్టి చూస్తున్నారు, 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర, 12 దాటితే కొనరు. అప్పట్లో మీటరంటే మా నాన్న చెయ్యే. పత్తి బోరెం (పెద్ద గోనెసంచి) మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు పత్తి తీసి, పిసికి, చెంపకు ఆనించుకునేవాడు. చెంపకు తెలిసినట్టు వేళ్ళకు తెలీదు అనేవాడు.

అచ్చం అదే పని ప్రవక్త చేసిన హదీసు, అంటే ఆయన మాటలూ చేతలూ చెప్పే కథనం, ఒకటుంది. మదీనా బజారులో ధాన్యం కుప్పలోకి చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. ఇదేంటని అడిగితే వాన పడిందండీ అన్నాడు అమ్మేవాడు. "మరి ఆ తడిసిందాన్ని పైన పెట్టొచ్చు కదా, జనానికి కనపడేట్టు? మోసం చేసేవాడు నావాడు కాడు." నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, వాన పడ్డం ఆ మనిషి తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మొద్దని కూడా అనలేదు. పైన పెట్టి అమ్ముకో అన్నారు, అంతే. టమాటా గంపలో ఎర్రటివి పైన, మెత్తబడ్డవి కింద. అమ్మే ఫ్లాటు ఫోటోల్లో నీళ్ళు కారే గోడ ఉండదు. పెళ్ళిసంబంధంలో అబ్బాయి ఉద్యోగం పోయిన సంగతి పెళ్ళయ్యాక తెలుస్తుంది. తూకాల్లో మోసం చేసేవాళ్ళ పేరు మీదే ఖురాన్‌లో ఒక సూరా ఉంది, 83వది, ముతఫ్ఫిఫీన్. ఇతరుల దగ్గర తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించే వాళ్ళకు వినాశం అని మొదలవుతుంది.

ఇప్పుడు మావాళ్ళ సంగతి కాస్త. చదివి ఎవరైనా బాధపడితే పడనీ.

మా తాత పోయాక ఇల్లు పంచుకోవాల్సి వచ్చింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. దాదీ (నానమ్మ) అప్పటికే లేదు. ఇట్లాంటప్పుడు లెక్క చాలా తేలిక, ఐదు వాటాలు, కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. మా ఫుప్పూకు, అంటే మేనత్తకు, ఐదో వంతు రావాలి. ఆడవాళ్ళకు తక్కువైనా ఎక్కువైనా వాటా ఉంది, అది విధించబడిన వాటా అని నిసా సూరా 7వ వాక్యంలోనే ఉంది. కానీ మా వీధుల్లో జరిగేదేంటి? చెల్లెలు "మాఫ్" చేసేస్తుంది, వాటా వద్దని వదిలేస్తుంది. అంటే చేసేయాలి. అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరని టెన్షన్. పెద్దమనుషులు కూర్చుని ఎంత తియ్యగా చెబుతారంటే, "ఎందుకమ్మా తగాదా, ఇంట్లో శాంతి ముఖ్యం కదా" అని. నాకు శాంతి మీద వ్యాసం అనగానే చిరాకు రావడానికి అసలు కారణం ఇదేనేమో, ఈ మాట నేను విన్నదంతా వాటా ఎగ్గొట్టేటప్పుడే.

మా నాన్న మాత్రం పట్టుబట్టి స్టాంపు కాగితం మీద రాయించాడు. పెదనాన్న కొన్నాళ్ళు రంజాన్‌కు కూడా మా ఇంటికి రాలేదు. కూతురికి కొడుకులో సగమే ఎందుకు అని మీరెవరైనా అడగొచ్చు, అడగాలి కూడా, దానికి పండితులు చెప్పే సమాధానాలు ఉన్నాయి, ఆ సమాధానాల మీద అభ్యంతరాలూ ఉన్నాయి. కానీ ఆ సగం కూడా ఇవ్వకుండా తిన్నవాళ్ళు ఆ చర్చలో షరియత్ తరఫున గొంతు చించుకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది. కట్నం సంగతీ ఇంతే. నికాహ్‌లో మహర్ అబ్బాయి అమ్మాయికి ఇవ్వాల్సింది, మావాళ్ళు మహర్ నామమాత్రంగా రాయించి జోడా పైసలు (కట్నం డబ్బు) మాత్రం అమ్మాయి తండ్రి దగ్గర ముందే లెక్కపెట్టుకుంటారు. ఇమామ్‌కి తెలుసు, ఖాజీకి తెలుసు, ఖుత్బాలో (మసీదు ప్రసంగంలో) మాత్రం రాదు.

అయితే శాంతి కోసం ఎప్పుడూ ఏదీ వదులుకోకూడదా? వదులుకోవాలి. ఎవరు, ఏది అన్నదే ప్రశ్న. దీనికి హుదైబియా ఒప్పందం చూడండి, 628లో జరిగింది. తెలుగు సారు దీన్ని రెండు పీరియడ్లు చెప్పారు. ప్రవక్త, ఆయనతో దాదాపు 1400 మంది మక్కాకు ఉమ్రా (యాత్ర) చేయడానికి వెళ్తే ఖురైషులు, అంటే మక్కాలోని పెద్ద తెగవాళ్ళు, ఊరి బయటే ఆపేశారు. సంధి రాసుకునేటప్పుడు "అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్" అని రాస్తే అవతలి ప్రతినిధి సుహైల్ ఒప్పుకోలేదు. నువ్వు ప్రవక్తవని ఒప్పుకుంటే నీతో యుద్ధమెందుకు చేస్తాం, మీ నాన్న పేరు రాయి అన్నాడు. రాస్తున్న ప్రవక్త అనుచరుడు అలీ కొట్టేయనన్నారు. ప్రవక్తే ఆ మాట తుడిచేసి "అబ్దుల్లా కొడుకు ముహమ్మద్" అని రాయించారు. ఈ ఏడాది వెనక్కి పోవాలి, పదేళ్ళు యుద్ధం వద్దు, మక్కా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను తిరిగి అప్పగించాలి. ఇంకో అనుచరుడు ఉమర్‌కి మండిపోయింది, మనం సత్యం మీద లేమా అని అడిగారు. సంతకాలు అవుతుండగానే సుహైల్ సొంత కొడుకు అబూ జందల్ సంకెళ్ళతో కుంటుకుంటూ వచ్చి నన్ను కాపాడండి అన్నాడు. మాట ఇచ్చేశాం కాబట్టి అతన్ని వెనక్కి పంపారు.

ఇక్కడ మన క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మరి అతనికి న్యాయమేది సార్?" అంది. సారు కాసేపు ఆలోచించి, "నాకూ కష్టంగానే ఉంది" అన్నారు. ఆ జవాబుకే ఆయన మీద గౌరవం పెరిగింది. తర్వాత కథ నేను పెద్దయ్యాక చదివాను. అబూ జందల్ మళ్ళీ తప్పించుకుని, అట్లాంటివాడే అయిన అబూ బసీర్‌తో సముద్రతీరాన చేరాడు, వాళ్ళు ఖురైషుల వ్యాపార బిడారులను ముప్పుతిప్పలు పెడితే చివరికి ఖురైషులే వచ్చి ఆ షరతు తీసేయండి, వాళ్ళను మీరే పిలిపించుకోండి అని బతిమాలారు. ఒప్పందం నుంచి తిరిగొచ్చే దారిలోనే దాన్ని స్పష్టమైన విజయం అని ఖురాన్ అంది. అక్కడ ప్రవక్త వదులుకున్నది సొంత బిరుదును, సొంత పరువును. మా పెద్దమనుషులు వదులుకోమంటున్నది మా ఫుప్పూ వాటాను. రెండూ శాంతి ఖాతాలోనే రాస్తే ఎట్లా?

నిజం గురించి ఎక్కువ రాయను, మన బ్యాచ్ గ్రూపులో ఉన్నవాళ్ళకు చెప్పే పని లేదు. ఆ మధ్య ఏదో ఊరి వీడియో ఒకటి ఆదోనిదే అని తిరిగింది, షాపుల బోర్డులు చూస్తే కనీసం తెలుగులో కూడా లేవు, అయినా రాత్రికి రాత్రి మనవాళ్ళే ముగ్గురు నలుగురు పంపారు. అందులో పొద్దున నాకు "గుడ్ మార్నింగ్ భాయ్" పెట్టినవాడు కూడా ఉన్నాడు. ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించుకోండి, తెలియక ఎవరికో హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారు అని హుజురాత్ సూరా 6వ వాక్యం. విన్నదల్లా ఇంకొకరికి చెప్పడం ఒక్కటి చాలు మనిషి అబద్ధాలకోరు కావడానికి అని హదీసు. ఇవి మా మసీదు గ్రూపులో కూడా పెట్టాను, ఎందుకంటే అక్కడ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అజాన్ విన్నాడు, ముస్లిం అయిపోయాడు అనే ముచ్చట ఏడాదికోసారి వస్తుంది. ఆ మనిషి బతికుండగానే కాదని చెప్పాడు. మాషా అల్లాహ్ అని యాభై మంది పెడతారు, అబద్ధం అని ఒకడు పెడితే నీకు ఈమాన్ (విశ్వాసం) తక్కువ అంటారు. మతాన్ని నిలబెట్టడానికి అబద్ధం కావాలనుకునేవాళ్ళకు నిజంగా ఈమాన్ ఎక్కువా తక్కువా నాకైతే తెలీదు.

సారు రిటైరయ్యాక ఒకసారి కలిశాను, బోర్డు మీద రాసిన ఆ మాట గుర్తుందా అని అడిగితే "ఎన్నో రాశాను, ఏది?" అన్నారు. చెప్పాను. "అది రాయడం తేలికే" అని నవ్వి టీ తెప్పించారు.

కమిటీవాళ్ళకు చివరగా ఒక్క మనవి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం ప్రార్థన గురించి కాదు, యుద్ధం గురించీ కాదు, అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసి పెట్టుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా విసుక్కోకండి అని చెప్పే బఖరా సూరా 282. నా చందా ఫోన్‌పేలో పంపాను. పోయినసారి కలిసినప్పుడు షామియానాకు, భోజనాలకు ఎంతయిందో, మిగిలింది ఎవరి దగ్గరుందో గ్రూపులో ఎవరూ పెట్టలేదు, అడిగితే "స్నేహితుల మధ్య లెక్కలేంట్రా" అన్నారు. ఈసారి ఈ సావనీర్ ప్రింటింగ్ బిల్లుతో సహా పెట్టండి. నేను అడుగుతూనే ఉంటాను.